పెంపుడు కుక్క జన్యువులను ఎందుకు చదవాలి

(పశువైద్య విద్యార్థులు, కుక్కలను పెంచుకునే కుటుంబాల వారు కలిసి హాజరైన సభలో ఒక పశు జన్యుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం.

ఈ హాల్లో ఒకవైపు పశువైద్య విద్యార్థులు, మరోవైపు కుక్కలను ఇంట్లో మనిషిలా చూసుకునే కుటుంబాల వారు కూర్చున్నారు. ఇద్దరికీ అర్థమయ్యేలా మాట్లాడవలసిన బాధ్యత నాది కాబట్టి, విద్యార్థులకు తెలిసిన సంగతులు కొన్ని మళ్లీ వినవలసి వస్తుంది, కుటుంబాల వారికి కొత్త మాటలు కొన్ని వినిపిస్తాయి. రెండు పక్షాల వారూ కొంచెం ఓపిక పట్టాలని కోరుతున్నాను.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒకే ఒక్క విషయం. మనిషి తన ముచ్చట కోసం కుక్కలను జాతులుగా విడదీసి, ఆ జాతుల చుట్టూ గిరి గీశాడు. ఆ గిరి వల్ల కుక్కలకు జబ్బులు పేరుకుపోయాయి. అదే గిరి వల్ల ఆ జబ్బుల జన్యువులను పట్టుకోవడం శాస్త్రజ్ఞులకు సులువైంది. కాబట్టి ఆ చదువు ఫలితం ముందుగా కుక్కకే అందాలి. నేను మళ్లీ చెబుతున్నాను, ముందుగా కుక్కకే అందాలి. మనిషికి కలిగే మేలు ఆ తర్వాత.

గిరి గీయడం అంటే ఏమిటో ముందు చూద్దాం. కుక్క మనిషి పక్కన చేరి కనీసం 15 వేల ఏళ్లయింది. కానీ ఈ రోజు మనం పేర్లు పెట్టి పిలిచే జాతుల్లో ఎక్కువ భాగం గడిచిన రెండు వందల ఏళ్లలో ఏర్పడినవే. 1873లో లండన్‌లో, జాతి కుక్కల వంశాలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. అలాంటి క్లబ్బుల పుస్తకాల్లోకి ఎక్కాలంటే కుక్క తల్లీ తండ్రీ ఇద్దరూ అదే పుస్తకంలో ఉండాలన్న పద్ధతి స్థిరపడింది. అంటే ఏమైనట్టు? మొదట్లో నమోదైన కొద్దిపాటి కుక్కల సంతానమే తరతరాలుగా తమలో తాము జతకడుతూ వస్తున్నది. పైగా ఒక ప్రదర్శనలో బహుమతి గెలిచిన మగ కుక్క ఉంటే, అందరూ తమ ఆడ కుక్కలను దాని దగ్గరికే క్రాసింగ్‌కు తీసుకువెళ్లారు. ఆ ఒక్క కుక్కలో దాగి ఉన్న మంచీ చెడూ రెండూ జాతి అంతటికీ పాకాయి.

ఇప్పుడు విద్యార్థులు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే పరిశోధన అంతా ఈ మలుపు మీదే ఆధారపడి ఉంది. కుక్కకు 39 జతల క్రోమోజోములు ఉంటాయి, మనకు 23 జతలు. తరం మారినప్పుడల్లా తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. కొత్త పేకకట్ట విప్పి రెండు మూడు సార్లు మాత్రమే కలిపితే ఆఠీను ఏడు, ఎనిమిది, తొమ్మిది ఇంకా పక్కపక్కనే ఉంటాయి కదా? వంద సార్లు కలిపితే ఏ ముక్క పక్కన ఏది ఉంటుందో చెప్పలేం. మనిషి వంశాలు వేల తరాలుగా కలుస్తూ వచ్చినవి, జాతి కుక్కలు కొద్ది తరాలు మాత్రమే కలిసినవి. అందువల్ల ఒకే జాతి కుక్కల్లో లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవున్న ముక్కలు చెక్కుచెదరకుండా కలిసి ప్రయాణం చేస్తాయి, మనుషుల్లో అవి అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నవి. ముక్క పెద్దదైతే దానిని గుర్తించడానికి తక్కువ గుర్తులు చాలు, తక్కువ కుక్కలు చాలు.

ఎంత తక్కువ? 2007లో అమెరికా, స్వీడన్ పరిశోధకులు కలిసి ఒక పని చేశారు. బాక్సర్ జాతిలో కొన్ని పిల్లలు ఒళ్లంతా తెల్లగా పుడతాయి. అలాంటి తెల్ల బాక్సర్లు 10, తెలుపు లేని బాక్సర్లు 9 తీసుకుని, వాటి డీఎన్ఏను జన్యుక్రమం అంతటా పోల్చి చూశారు. పందొమ్మిది కుక్కలు. మనుషుల్లో ఇలాంటి వెతుకులాటకు సాధారణంగా వందలు, వేల మంది కావాలి. పందొమ్మిది కుక్కలతోనే వాళ్లు ఎంఐటీఎఫ్ అనే జన్యువు దగ్గరికి చేరారు. అది రంగు కణాలను నడిపించే జన్యువు. ఈ జన్యువు పేరు గుర్తుంచుకోండి, దాని అవసరం మనకు ముందు ముందు వస్తుంది.

ఆ పని అంత త్వరగా సాగడానికి అంతకు ముందు జరిగిన ఒక పెద్ద పని కారణం. 2005 డిసెంబరులో టాషా అనే ఆడ బాక్సర్ కుక్క జన్యుక్రమం మొత్తం ప్రచురితమైంది. సుమారు 240 కోట్ల అక్షరాలు. అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో కెర్‌స్టిన్ లిండ్‌బ్లాడ్-టో నాయకత్వంలో ఆ పని జరిగింది. అంతకు రెండేళ్ల ముందు, 2003లో, షాడో అనే పూడిల్ కుక్క జన్యుక్రమం ముసాయిదాగా వచ్చింది కానీ, అందులో ఖాళీలు ఎక్కువ. టాషా తర్వాతే ఏ జాతి కుక్క డీఎన్ఏనైనా పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక నమ్మదగిన మూలప్రతి మనకు దొరికింది.

మరి మూలప్రతి లేని రోజుల్లో ఈ పని ఎలా జరిగేది? అది చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఈ శాస్త్రంలో నేను ఎక్కువగా గౌరవించే పని ఆ రోజుల్లోనే జరిగింది. నార్కొలెప్సీ అనే జబ్బు ఉంది. మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ, నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా కండరాల పట్టు కోల్పోయి కుప్పకూలుతాడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం డిమెంట్ 1970లలో ఇదే జబ్బు ఉన్న కుక్కలను సేకరించడం మొదలుపెట్టారు. డాబర్‌మాన్లలో అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు స్పష్టంగా దిగుతున్నది. పరీక్ష ఎలా చేసేవారో వినండి. ఆహారపు ముక్కలను నేల మీద విడివిడిగా పేర్చి కుక్కను వదిలేవారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క క్షణాల్లో అన్నీ తినేస్తుంది. జబ్బున్న డాబర్‌మాన్ మొదటి ముక్క దగ్గరికి సంతోషంగా పరుగెత్తుతుంది, తోక ఊపుతుంది, వెంటనే వెనక కాళ్లు మడతపడతాయి, నేల మీద పడిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. కాసేపటికి లేస్తుంది, రెండో ముక్క దగ్గరికి పోతుంది, మళ్లీ పడిపోతుంది. సంతోషమే దాన్ని పడగొడుతున్నది. ఆ దృశ్యాల వీడియో చూసినవారు ఎవరూ మరచిపోలేరు.

ఎమ్మాన్యుయెల్ మిన్యో అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఆ కుక్కల జన్యువును పట్టుకునే పనికి పూనుకున్నారు. మూలప్రతి లేదు, గుర్తుల పటం సరిగా లేదు, సహోద్యోగులకు నమ్మకం లేదు. దాదాపు పదేళ్లు పట్టింది. 1999 ఆగస్టులో ఆ జన్యువు దొరికింది. మెదడులో హైపోక్రెటిన్ అనే రసాయనం ఉంటుంది, దానినే ఒరెక్సిన్ అని కూడా అంటారు. ఆ రసాయనాన్ని అందుకునే గ్రాహకం ఈ డాబర్‌మాన్లలో చెడిపోయి ఉన్నది. మెలకువను నిలబెట్టే వ్యవస్థ ఒకటి ఉందని, అది దెబ్బతింటే ఈ జబ్బు వస్తుందని అలా తెలిసింది. మరుసటి ఏడాదే, నార్కొలెప్సీ ఉన్న మనుషుల మెదళ్లలో హైపోక్రెటిన్ తయారుచేసే కణాలే నశించాయని తేలింది. 2014లో అమెరికాలో అనుమతి పొందిన సువోరెక్సాంట్ అనే నిద్రమాత్ర ఇదే గ్రాహకాన్ని అడ్డుకుని నిద్ర తెప్పిస్తుంది. ఈ రోజు నిద్రపట్టక ఆ మాత్ర వేసుకునే మనిషికి ఆ డాబర్‌మాన్ల సంగతి తెలుసా? తెలియాలని నేను కోరుకుంటాను.

ఇక పరిశోధనశాలలో పెంచిన కుక్కలు కాకుండా, ఇళ్లలో పెరిగే కుక్కల ద్వారా జన్యువులను చదవడం అనే పద్ధతికి వస్తాను. కుటుంబాల వారు వినవలసింది ఇదే. యూటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ లార్క్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు ఉండేవారు. ఆయన పరిశోధన సోయాబీన్ మీద, కుక్కల మీద కాదు. ఆయన పెంచుకున్న జార్జీ అనే పోర్చుగీస్ వాటర్ డాగ్ జాతి కుక్క, రోగనిరోధక వ్యవస్థ తన మీద తానే తిరగబడే జబ్బుతో చనిపోయింది. మరో కుక్క కోసం వెతుకుతుండగా పరిచయమైన బ్రీడర్, ఈయన జన్యుశాస్త్రజ్ఞుడని తెలిసి, ఈ జాతి జబ్బుల సంగతి మీరే ఎందుకు చూడకూడదని పట్టుబట్టారు. అలా మొదలైంది జార్జీ ప్రాజెక్టు. ఆ జాతి కుక్కలను పెంచుకునే సామాన్య కుటుంబాలు తమ కుక్కల రక్త నమూనాలు, ఎక్స్‌రేలు, వంశావళి పత్రాలు పంపించాయి. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు.

ఆ ఎక్స్‌రేల మీద ఎముకల కొలతలు తీసుకుంటూ పోతే ఒక ఫలితం వచ్చింది. ఎలైన్ ఆస్ట్రాండర్ అనే జన్యుశాస్త్రజ్ఞురాలి బృందంతో కలిసి 2007లో ప్రచురించారు. ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల జన్యువు దగ్గర ఉన్న ఒక రూపం, పోర్చుగీస్ వాటర్ డాగ్‌లలో చిన్నవాటిని పెద్దవాటి నుంచి వేరు చేస్తున్నది. 14 చిన్న జాతుల్లో చూస్తే అక్కడా చిన్నవాటి రూపమే, 9 భారీ జాతుల్లో అది దాదాపు లేదు. బుల్లి చువావాకూ భారీ గ్రేట్ డేన్‌కూ మధ్య అంత తేడా ఉన్నా, ఆ తేడాలో సుమారు 15 శాతం ఈ ఒక్క జన్యువు చుట్టూనే ఉంది. మనుషుల ఎత్తును వేల జన్యురూపాలు కొంచెం కొంచెంగా నిర్ణయిస్తాయి, కుక్కల్లో ఒకటే ఇంత పని చేస్తున్నది.

ఈ కథ అక్కడితో ఆగలేదు. చిన్న కుక్క మనిషి చేసిన వింత అని మనమందరం అనుకున్నాం కదా? తోడేలు పెద్దది, దాని నుంచి మనిషి చిన్న కుక్కను తయారుచేశాడు అన్నది పాఠ్యపుస్తకం మాట. 2022లో అదే ఆస్ట్రాండర్ బృందం పాత ఎముకల డీఎన్ఏ చూసింది. సైబీరియాలో దొరికిన 54 వేల ఏళ్ల నాటి తోడేలులో చిన్న పరిమాణానికి సంబంధించిన రూపం ఉంది. నక్కల్లో, కయోటీల్లో, ఆఫ్రికా వేటకుక్కల్లో ఉన్నదీ ఆ రూపమే. అంటే మనిషి కుక్కను మచ్చిక చేసుకోవడానికి ఎన్నో వేల ఏళ్ల ముందే అది ఉంది. మనిషి దాన్ని సృష్టించలేదు, ఉన్నదాన్ని ఏరి పెంచాడు. కుక్కల విషయంలో మనం గొప్పగా చెప్పుకునే పనిలో సగం ఈ ఏరడమే.

ఆహారం గురించి అడిగేవారు ఇక్కడ చాలామంది ఉంటారు కాబట్టి ఒక మాట. కుక్క మాంసాహారి, దానికి అన్నం అరగదు అని చెప్పేవారు ఉన్నారు. 2013లో స్వీడన్‌లో ఎరిక్ అక్సెల్సన్ బృందం పిండి పదార్థాన్ని అరిగించే ఏఎంవై2బీ జన్యువును లెక్కపెట్టింది. తోడేలుకు ఆ జన్యువు 2 ప్రతులే ఉన్నాయి. కుక్కలకు 4 నుంచి 30 దాకా ఉన్నాయి. వ్యవసాయం చేసే మనిషి పక్కన బతికిన జంతువు అతని గింజను అరిగించుకోవడం నేర్చింది. పెరుగన్నం తిని పెరిగిన మన ఊరకుక్కలు శాస్త్రానికి విరుద్ధంగా ఏమీ బతకడం లేదు. అన్నం ఒక్కటే పెడితే సరిపోతుందని మాత్రం దీనికి అర్థం కాదు, మాంసకృత్తులు తప్పనిసరి.

ఇప్పుడు లాబ్రడార్ కుక్క గురించి. చేతులు ఎత్తమంటే సగం మంది ఎత్తుతారని నాకు తెలుసు, మన నగరాల్లో లాబ్రడార్ అంతగా పాతుకుపోయింది. మీలో చాలామంది వైద్యుడి దగ్గర ఒక మాట పడి ఉంటారు, "ఇంత లావు చేశారేమిటి" అని. గిన్నె ఖాళీ చేసి మళ్లీ మీ ముఖం వైపు చూసే ఆ చూపును కాదనలేక పెట్టి ఉంటారు. 2016లో కేంబ్రిడ్జిలో ఎలినార్ రాఫన్ బృందం ఆ చూపు వెనక ఉన్న జన్యువును పట్టుకుంది. పీఓఎంసీ అనే జన్యువులో 14 అక్షరాలు ఊడిపోయి ఉన్నాయి. బ్రిటన్ లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు ఈ మార్పును మోస్తున్నాయి. అది ఉన్న ఒక్కో ప్రతికి బరువు సగటున రెండు కిలోల దాకా పెరుగుతున్నది. ఇందులో ఇంకో సంగతి చూడండి. అంధులకు, వికలాంగులకు తోడుగా శిక్షణ పొందే లాబ్రడార్లలో ఈ మార్పు 76 శాతం కుక్కల్లో కనిపించింది. ఎందుకని? చిన్న బిస్కెట్టు ముక్క కోసం ఏ పనైనా నేర్చుకునే కుక్కకు శిక్షణ ఇవ్వడం తేలిక కాబట్టి. మనం తెలివి అనుకుని ఎంచుకున్నదాంట్లో ఆకలి కూడా ఉంది.

2024లో అదే బృందం ఇంకా దగ్గరగా వెళ్లి చూసింది. ఒక రోజు కుక్కలకు ఇరవై నిమిషాలకు ఒకసారి ఆహారం డబ్బా పెడుతూ పోయారు, ఇక వద్దని కుక్కే మొహం తిప్పుకునే దాకా. మార్పు ఉన్నవీ లేనివీ ఒకే అంత తిన్నాయి. మరో రోజు ఉదయం అన్నింటికీ మామూలుగా తిండి పెట్టి, సరిగ్గా మూడు గంటల తర్వాత ఒక పారదర్శకమైన డబ్బాలో సాసేజ్ ఉంచి, రంధ్రాలున్న మూత బిగించి ముందు పెట్టారు. కనిపిస్తుంది, వాసన వస్తుంది, అందదు. మార్పు ఉన్న కుక్కలు ఆ డబ్బాను వదలలేదు, మిగిలినవాటి కన్నా చాలా ఎక్కువ సేపు ప్రయత్నించాయి. అంటే వాటికి కడుపు నిండడంలో తేడా లేదు, రెండు పూటల మధ్య ఆకలి త్వరగా వేస్తున్నది. అంతేకాదు, విశ్రాంతిలో ఉన్నప్పుడు వాటి శరీరం సుమారు 25 శాతం తక్కువ శక్తిని ఖర్చు చేస్తున్నది. ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. అలాంటి కుక్క యజమానిని క్రమశిక్షణ లేదని తిట్టడం వల్ల ప్రయోజనం ఏమిటి? విద్యార్థులకు నా విన్నపం ఏమిటంటే, రేపు మీ బల్ల ముందుకు లావైన లాబ్రడార్ వస్తే ముందు ఆ ఇంటి వారిని నిందించకండి. రోజు మొత్తానికి కొలిచిన తిండిని రెండుకు బదులు నాలుగు పూటలుగా పంచమని చెప్పండి, త్వరగా తినకుండా ఉండే గిన్నెలు వాడమని చెప్పండి. జన్యువును మార్చలేం, పూటలను మార్చగలం.

ఇప్పటి దాకా చెప్పింది చదువు గురించి. ఇక ఆ చదువును కాదన్న సందర్భం ఒకటి చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. డాల్మేషియన్ మీకు తెలుసు, తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు. ఆ జాతిలో ప్రతి కుక్కకూ మూత్రంలో యూరిక్ ఆమ్లం విపరీతంగా పోతుంది. ముఖ్యంగా మగ కుక్కలకు రాళ్లు ఏర్పడి మూత్రం ఆగిపోతుంది. జాతి మొత్తంలో ఆరోగ్యకరమైన జన్యురూపం ఒక్క కుక్కలోనూ మిగలలేదు. అలాంటప్పుడు ఆ జాతిలోనే ఎంత వెతికి జతకట్టించినా లాభం ఏముంటుంది? లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ అనే మరో జాతి కుక్కతో ఒకే ఒక్కసారి జతకట్టించారు. పుట్టిన పిల్లల్లో ఆరోగ్యకరమైన రూపం ఉన్నవాటిని ఏరి, తిరిగి డాల్మేషియన్లతోనే తరం తరువాత తరం కలుపుతూ వచ్చారు. కొన్ని తరాలకు అవి చూపులోనూ, డీఎన్ఏలోనూ దాదాపు పూర్తిగా డాల్మేషియన్లే. తేడా ఒక్కటే, వాటికి ఆ మూత్ర దోషం లేదు.

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి కుక్కలను రెండింటిని నమోదు చేసుకుంది. డాల్మేషియన్ క్లబ్ సభ్యులు అభ్యంతరం చెప్పారు, నమోదు ఆగిపోయింది. జాతి స్వచ్ఛత పోతుందన్నారు. 2008లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డానికా బనాష్ బృందం ఆ దోషానికి కారణం ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులోని మార్పేనని తేల్చింది. ఆ తర్వాత 2011లో గానీ ఆ కుక్కలకు మళ్లీ నమోదు దక్కలేదు. 1981 నుంచి 2011 దాకా, ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని మగ కుక్కలు మూత్రం రాక విలవిలలాడి ఉంటాయి? మందు చేతిలో ఉండీ ఇవ్వకపోవడం అంటే ఇదే. స్వచ్ఛత అనే మాట కుక్క ప్రాణం కన్నా బరువైనది కాదు అని నేను ఈ వేదిక మీద గట్టిగా చెబుతున్నాను.

ఇది ఒక్క డాల్మేషియన్ సమస్య అనుకోకండి. అదే బనాష్ బృందం 2021లో 227 జాతుల కుక్కల డీఎన్ఏను పరిశీలించి, అంతఃప్రజననం, అంటే దగ్గరి బంధువుల మధ్య జతకట్టడం, సగటున దాదాపు 25 శాతం ఉందని చూపింది. కుటుంబాల వారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకే తల్లిదండ్రుల పిల్లలైన అన్నాచెల్లెళ్లను జతకడితే పుట్టే పిల్లలో ఉండే స్థాయి అది. పెడిగ్రీ పత్రంలో నాలుగైదు తరాల పేర్లు వేరువేరుగా కనిపించినా, డీఎన్ఏ ఆ వెనక ఉన్న అసలు సంగతి చెబుతుంది.

ఇక మన దగ్గరి కుక్కల సంగతి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ మన దేశపు కుక్కల్లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతులను నమోదు చేసింది. వీటిలో రాజపాళయానికి మనతో సంబంధం ఉంది. తమిళనాడులో అదే పేరున్న పట్టణంలో స్థిరపడిన రాజుల కులం వారు ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు, ఆ తెల్ల వేటకుక్కను పెంచి నిలబెట్టినది ఆ నేలే. పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు, ఈ రెండూ ఉంటేనే అసలైన రాజపాళయం అని కొనేవాళ్లు అడుగుతారు. చుక్క ఉన్న పిల్లను పక్కన పెడతారు. ఆ జాతిలో చెవుడు ఎక్కువ అన్న సంగతి పెంచేవారందరికీ తెలుసు.

ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందా? ఉంది. ఇందాక ఎంఐటీఎఫ్ పేరు గుర్తుంచుకోమన్నాను. రంగు కణాలు చర్మానికి రంగు ఇవ్వడం మాత్రమే కాదు, లోపలి చెవిలో కూడా ఉంటాయి. అక్కడి ద్రవంలో లవణాల సమతూకాన్ని అవి కాపాడతాయి. ఆ కణాలు అక్కడికి చేరకపోతే, పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి కణాలు చచ్చిపోతాయి. తెల్ల బాక్సర్లలో, డాల్మేషియన్లలో, తల్లీ తండ్రీ రెండు వైపుల నుంచీ మెర్ల్ అనే మచ్చల రంగు పొందిన కుక్కల్లో చెవుడు కనిపించడానికి కారణం ఇదే. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఒళ్లు తెల్లబడడానికి జన్యువుల్లో ఒకటికి మించి దారులున్నాయి, మెర్ల్‌కు కారణమైన జన్యువు వేరు, బాక్సర్ తెలుపుకు కారణమైన జన్యువు వేరు. బాక్సర్‌లో దొరికిందే రాజపాళయంలోనూ ఉంటుందని ముందే నిర్ణయించుకుని, విదేశీ పరీక్ష కిట్ తెప్పించి, ఫలితం బాగుందని సంతోషపడకూడదు. మన కుక్కను మన కుక్కలోనే చదవాలి. చెవుడు ఉన్నవి, లేనివి సమానంగా పోల్చాలి. పందొమ్మిది కుక్కలతో బాక్సర్ జన్యువు దొరికినప్పుడు, ఈ పని మన విశ్వవిద్యాలయాల శక్తికి మించినది ఎందుకవుతుంది?

చెవుడు ఉందో లేదో తేల్చడం గురించి కూడా ఒక మాట. కుక్కపిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాం, తిరిగింది, కాబట్టి వినిపిస్తుంది అంటారు. గాలి కదలిక తగిలినా తిరుగుతుంది, పక్కనున్న పిల్ల తిరిగితే తానూ తిరుగుతుంది. ఒక చెవి మాత్రమే చెవుడైతే ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు, కానీ ఆ కుక్క కూడా దోషాన్ని తన పిల్లలకు ఇవ్వగలదు. తల మీద సన్నని ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒక్కో చెవిలో శబ్దం వినిపించి, మెదడు స్పందనను నమోదు చేసే బేర్ పరీక్ష ఒక్కటే నమ్మదగినది. అలాంటి పరీక్ష లేకుండా చేసే జన్యు అధ్యయనం మొదటి అడుగులోనే తప్పుతుంది.

స్వభావం గురించి ఎప్పుడూ అడుగుతారు కాబట్టి దాన్ని క్లుప్తంగా ముగిస్తాను. ఈ జాతి శాంతమైనది, ఆ జాతి కరుస్తుంది అని అమ్మేవారు చెబుతారు. 2022లో ఎలినార్ కార్ల్‌సన్ బృందం 18,385 కుక్కల యజమానుల నుంచి సమాధానాలు సేకరించి, 2,155 కుక్కల డీఎన్ఏ చదివింది. ఒక కుక్క ప్రవర్తన ఇంకో కుక్క ప్రవర్తనకు భిన్నంగా ఉండడంలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. చెప్పిన మాట వినే గుణంలో జాతి ప్రభావం కొంత ఉంది, త్వరగా రెచ్చిపోయే గుణంలో దాదాపు లేదు. మన దేశంలో 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ రాష్ట్రాలకు లేఖ పంపింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుంది, అది నిజం, దాన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. కానీ కరుస్తుందా లేదా అన్నది జాతి పేరు చూసి చెప్పలేం. ఆ కుక్కను ఎలా పెంచారో, పసితనంలో మనుషుల మధ్య తిప్పారా, గొలుసుకు కట్టి వదిలేశారా, అది చూడాలి.

చివరగా, ఈ రోజు ఇంటికి వెళ్లాక అక్కరకు వచ్చేది ఒకటి. కాలీ జాతిలో ఎండీఆర్1 జన్యువులో 4 అక్షరాలు ఊడిపోయి ఉంటాయని 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కత్రినా మీలీ చూపారు. ఆ జన్యువు మెదడులోకి చొరబడే మందులను బయటికి తోసేసే పంపును తయారుచేస్తుంది. పంపు లేని కుక్కకు గజ్జికి వాడే మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే మందు మెదడులో పేరుకుంటుంది. తూలుతుంది, చొంగ కారుస్తుంది, చూపు పోయినట్టు గోడలకు కొట్టుకుంటుంది, స్పృహ తప్పుతుంది, చనిపోవచ్చు. కాలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, వాటి సంకర జాతులు ఇంట్లో ఉన్నవారు పిడుదులకో గజ్జికో మందుల దుకాణంలో అడిగి ఐవర్‌మెక్టిన్ సూది వేయించకండి. మనుషుల విరేచనాలకు వాడే లోపెరమైడ్ మాత్ర కూడా ఆ కుక్కలకు ప్రమాదమే. ముందు జన్యు పరీక్ష చేయించి, ఫలితం కాగితాన్ని టీకాల పుస్తకంలోనే పెట్టుకోండి, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి.

పరీక్షకైనా, పరిశోధనకైనా నమూనా ఇవ్వడం కష్టమైన పని కాదు. తిండి పెట్టి కనీసం అరగంట గడిచాక, ఇంట్లో వేరే కుక్క ఉంటే దాన్ని దూరంగా ఉంచి, దూది పుల్లను చెంప లోపలి వైపు, చిగురుకూ బుగ్గకూ మధ్య, మెల్లగా తిప్పుతూ అర నిమిషం రుద్దాలి. లాలాజలం మాత్రమే కాదు, చెంప లోపలి పొర కణాలు పుల్లకు అంటాలి. గాలికి ఆరనిచ్చి, కాగితపు కవరులో పెట్టి, కుక్క పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు తెలిస్తే వాటి వివరాలు రాయాలి. కవరుతో పాటు కుక్కకు వచ్చిన జబ్బులు, వాడిన మందులు, మూర్ఛ వచ్చిందా, చెవి వినబడుతుందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి జతచేయండి. ఆరోగ్యంగా ఉన్న ముసలి కుక్కల నమూనాలు మాకు మరీ అవసరం, ఎందుకంటే జబ్బు కుక్కతో పోల్చడానికి ఏ జబ్బూ రాకుండా పదేళ్లు దాటిన కుక్క కావాలి, అలాంటివాటిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. ఇక్కడ ఉన్నవారిలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి కుక్క ఉంటే, ప్రశ్నల సమయం అయ్యాక నన్ను కలవండి.